ఆర్కిటెక్టుతో ఇల్లు – అయిదో పాఠం: ముగ్గులో చిన్నవైన గదులు, మెట్లలో పోయిన అడుగు

ఈ వారం నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ప్లానులో ఎక్కడ కనిపిస్తాయో చెబుతానని గత పాఠం చివర రాశాను. ఆ పాఠాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠంలో నేనిచ్చిన అభ్యాసం, నేను ఊహించని విధంగా, కొందరి ప్లానులను చెడగొట్టే దాకా వెళ్లింది. దాన్ని సరిదిద్దకుండా ముందుకు సాగడం న్యాయం కాదు.

ఆర్కిటెక్టు ఇచ్చిన మొదటి ప్లానును కాగితం మీద చూసి ఊరుకోకుండా, స్థలంలో మేకులు పాతి, పురికొస కట్టి, సున్నంతో గీతలు వేసి, అంటే ముగ్గు పోసి, గది నుంచి గదికి నడిచి చూడమని అప్పుడు చెప్పాను. మన విశాఖలో మధురవాడ, కొమ్మాది, పెందుర్తి, గాజువాక వైపు స్థలాలున్న పాఠకులు ఎండను లెక్కచేయకుండా ఆ పని చేశారు. చేసినవారిలో ఎక్కువమంది రాసిన మాట ఒక్కటే: గదులు మరీ చిన్నవిగా ఉన్నాయి. అక్కడితో ఆగితే ఇబ్బంది లేకపోయేది. కొందరు ఆ సాయంత్రమే ఆర్కిటెక్టుకు ఫోన్ చేసి ప్రతి గదినీ ఒకటి రెండు అడుగులు పెంచమన్నారు. మరి ఇద్దరు ఆర్కిటెక్టుకు చెప్పకుండా తాపీ మేస్త్రికే చెప్పారు. వారిలో ఒకరి స్థలంలో పునాది గుంతలు అప్పటికే తవ్వి ఉన్నాయి.

తప్పు నాదే. ముగ్గు వేసి చూడమన్నానే గాని, చూసినప్పుడు కన్ను ఏం చెబుతుందో ముందుగా హెచ్చరించలేదు. ఆర్కిటెక్టుల ఆఫీసులలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన ముప్ఫై ఏళ్లలో, మార్కింగ్ రోజున ఇంటి యజమాని "ఇంతేనా?" అనని స్థలం నాకు గుర్తులేదు. నాకు అలవాటైపోయిన ఆ మాట, మొదటిసారి ఇల్లు కట్టుకుంటున్నవారికి ఎంత గుబులు పుట్టిస్తుందో నేను ఆలోచించి ఉండవలసింది.

గది చిన్నదిగా కనిపించడానికి కారణం ఉంది. గోడలు లేనిచోట కన్ను గదిని మరో గదితో పోల్చదు. ఎదురుగా ఉన్న 50 అడుగుల స్థలంతో, పక్కింటి మేడతో, పైనున్న ఆకాశంతో పోలుస్తుంది. వాటి ముందు 12 అడుగుల గీత ఎంతటిది? గోడలు లేచి, తలుపులూ కిటికీలూ అమరి, వెలుతురు ఒక పక్క నుంచి పడడం మొదలయ్యాక అదే 12 అడుగులు వేరుగా కనిపిస్తాయి. కాబట్టి ముగ్గులో నిలబడి గది వైశాల్యాన్ని కంటితో నిర్ణయించకండి. ముగ్గు ఉన్నది నడకను చూసుకోవడానికి. వీధి తలుపు నుంచి వంటగదికి ఏ దారిన వెళ్తున్నాం, పడకగది తలుపు తెరిస్తే హాలులో కూర్చున్నవారికి మంచం కనిపిస్తుందా, దేవుడి గది ముందు ఇద్దరు నిలబడితే దారి మూసుకుపోతుందా అనే ప్రశ్నలకు ముగ్గు నిజం చెబుతుంది.

గది సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే దగ్గరిదారి ఒకటి ఉంది. మీరు ఇప్పుడుంటున్న ఇంట్లో, లేదా బంధువుల ఇంట్లో, నేల మీద 2 అడుగుల పలకలు పరిచి ఉంటే వాటిని లెక్కపెట్టండి. ఆ పలక 600 మిల్లీమీటర్లు, అంటే 2 అడుగులకు అర అంగుళం లోపు తక్కువ; గది మొత్తానికి వచ్చే తేడా రెండు మూడు అంగుళాలను మించదు. ఆరు పలకల గదిలో మీరు ఇన్నాళ్లూ ఇబ్బంది లేకుండా పడుకుంటున్నప్పుడు, ప్లానులోని 12 అడుగుల గది మిమ్మల్ని భయపెట్టనవసరం లేదు. టేపు పట్టుకుని కొలవడం కంటే పలకలు లెక్కపెట్టడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే టేపు అంకెను మాత్రమే ఇస్తుంది, పలకలు లెక్కపెట్టేవారు ఆ గదిలో నిలబడి ఉంటారు.

ముగ్గులో సామాను కూడా పరిచి చూడవచ్చు. 6 అడుగుల వెడల్పు, 6½ అడుగుల పొడవు ఉన్న మంచానికి బదులు ఒక పాత దుప్పటిని ఆ కొలతకు మడిచి పరవండి. ప్లానులో 12 అడుగులకు 11 అడుగుల పడకగది ఉందనుకుందాం. 11 అడుగుల గోడ పొడవునా 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ వస్తే మిగిలేది 10 అడుగులకు 11. మంచం తలవైపును 10 అడుగుల గోడకు ఆనిస్తే, పక్కలకు కలిపి 4 అడుగులు, కాళ్లవైపు 4½ అడుగులు మిగులుతాయి. ఆ 4 అడుగులలో వార్డ్‌రోబ్ వైపు 2½, రెండో వైపు 1½ ఇస్తే తలుపులు తెరుచుకుంటాయి, మనిషి నిలబడి బట్టలు తీసుకోగలడు. ఇంత లెక్క చూశాక కూడా గది చాలదనిపిస్తే, అప్పుడు అడగండి.

అడిగే ముందు ఇంటి వెడల్పు ఎంతో కూడా చూడాలి. 200 గజాల స్థలం 36 అడుగులకు 50 అడుగులు ఉందని, సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ నియమం ప్రకారం వదలవలసిన ఖాళీ) వదిలాక ఇంటికి 28 అడుగుల వెడల్పు మిగిలిందని అనుకోండి. బయటి గోడలు రెండూ తొమ్మిదంగుళాలవి, మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది. మూడు గోడలూ కలిసి 1 అడుగు 10½ అంగుళాలు తింటాయి. మిగిలిన 26 అడుగుల 1½ అంగుళాన్ని రెండు గదులకు సమానంగా పంచితే ఒక్కోదానికి 13 అడుగుల ముప్పావు అంగుళం వస్తుంది. రెండు వైపులా ప్లాస్టరింగు అయ్యాక 13 అడుగులకు కొంచెం తక్కువే. ఆ గదులను రెంటినీ 14 అడుగులు చేయమని అడిగితే ఇల్లు దాదాపు 30 అడుగులు కావాలి. ఆ 2 అడుగులు సెట్‌బ్యాకు నుంచే రావాలి, అంటే నగరపాలక సంస్థ అనుమతించిన ప్లానును దాటిపోవాలి. అలా కట్టిన ఇంటికి చివర నివాసయోగ్యతా పత్రం దగ్గర చిక్కు వస్తుంది. ఆర్కిటెక్టు "కుదరదు" అన్నప్పుడు ఆయన మొండితనం చేస్తున్నారని ఒక పాఠకురాలు రాశారు. ఆమె పంపిన ప్లానులో నేను ఈ లెక్కే వేసి చూశాను; ఆయన చెప్పింది సరైనదే.

మందు అడగకండి, నొప్పి చెప్పండి

ఇక ఈ పాఠానికి అసలు విషయం. మొదటి ప్లాను చూశాక ఆర్కిటెక్టుకు ఏం రాయాలి, ఎలా రాయాలి? నా దగ్గరకు వచ్చిన ఉత్తరాలలో దాదాపు అన్నీ అంకెలే. "వంటగది 10కి 12 చేయండి", "కిటికీ 6 అడుగులు చేయండి", "గోడ ఒక అడుగు అటు జరపండి". వైద్యుడి దగ్గరకు వెళ్లి ఫలానా మాత్ర రాయమని అడిగేవారు నొప్పి ఎక్కడో చెప్పడం మరిచిపోతారు. ఇదీ అంతే. గోడ జరపమని మీరు చెప్తే ఆర్కిటెక్టు గోడ జరుపుతారు, లేదా జరపలేనంటారు. మీ ఇబ్బంది ఏమిటో చెప్తే, మీకు తట్టని నాలుగు దారులు ఆయనకు తడతాయి.

సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు, కింది అంతస్తు పడకగదిని 14 అడుగులు చేయమని ఆర్కిటెక్టును మూడుసార్లు అడిగి విసిగిపోయానని రాశారు. ఎందుకని నేను అడిగితే, చాలా వివరంగా జవాబిచ్చారు. ఆ గది వాళ్ల అత్తగారిది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. ప్లానులో మంచం నుంచి బాత్రూం తలుపుకు వెళ్లాలంటే బీరువాను చుట్టి వెళ్లవలసి వస్తోంది. గది పెద్దదైతే బీరువా పక్కకు జరుగుతుందని ఆయన ఆలోచన. ఈ మాటలనే, అంకె లేకుండా, ఆర్కిటెక్టుకు రాయమన్నాను. ఆర్కిటెక్టు గదిని అంగుళం కూడా పెంచలేదు. బాత్రూం తలుపును మంచం వైపు గోడకు మార్చి, మంచం నుంచి తలుపు దాకా చేత్తో పట్టుకోవడానికి ఒక కడ్డీ చూపించి, బాత్రూం నేల గది నేల కంటే ఎక్కువ దిగువకు పోకుండా చూసుకున్నారు. గది 14 అడుగులు అయి ఉంటే ఆ పెద్దావిడ చీకట్లో మరో రెండు అడుగులు ఎక్కువ నడవవలసి వచ్చేది.

పెదవాల్తేరు పాఠకురాలి వంటగది సంగతి కూడా అలాంటిదే. ఆమెకు కావలసింది పెద్ద వంటగది కాదు. గ్రైండరు, వేసవిలో పెట్టే ఆవకాయ జాడీలు, పండగకు తీసే పెద్ద గిన్నెలు ఉండడానికి చోటు. వంటగదిని ఆనుకుని 4 అడుగుల సామాన్ల గది వచ్చింది, సరిపోయింది. మరొకరు బాల్కనీ వెడల్పు పెంచమన్నారు, బట్టలు ఆరేసుకోవడానికట.

లాసన్స్‌బే కాలనీ పాఠకుడిది కొంచెం వేరు. సముద్రం వైపు గోడంతా నేల నుంచి శ్లాబు దాకా అద్దమే కావాలని ఆయన కోరిక, ఆర్కిటెక్టు ఒప్పుకోవడం లేదని ఫిర్యాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజున ఈ ఊళ్లో ఉన్నవారెవరికీ అద్దాల గురించి నేను చెప్పనవసరం లేదు. మన ఊరికి గాలి లెక్కలో తీసుకోవలసిన ప్రాథమిక వేగం, భారతీయ ప్రమాణం (ఐ.ఎస్.) 875 మూడో భాగం ప్రకారం, సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అద్దం పెట్టకూడదని ఆ ప్రమాణం అనదు. ఆ గాలికి తట్టుకునే మందం, చట్రం, బిగింపు ఉండాలంటుంది, వాటి ఖర్చు మాత్రం గోడ ఖర్చులా ఉండదు. ఆ పాఠకుడు "అద్దం కావాలి" అనడానికి బదులు "పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలో కూర్చుంటే సముద్రం కనిపించాలి" అని రాస్తే చాలు. కూర్చున్న మనిషి కన్ను నేలకు సుమారు 4 అడుగుల ఎత్తులో ఉంటుంది. 2 అడుగుల ఎత్తు గోడ మీద మొదలయ్యే కిటికీ ఆయన కోరికను తీరుస్తుంది. నా మటుకు నేను సముద్రం ఎదుట ఒక్క పలక అద్దం 3 అడుగులు దాటడాన్ని ఇష్టపడను. చెక్క రెక్కల తలుపులు బయట ఉంటే మరీ నిశ్చింత. ఇది నా ఇష్టం మాత్రమే, పాఠం కాదు.

వాస్తు గురించి చాలామంది అడిగారు. ఒక్క మాటే చెబుతాను: మీ ఇంటి పెద్దలు వదులుకోలేని నియమాలు ఏవో, వంట ఆగ్నేయంలో, సంపు ఈశాన్యంలో వంటివి, మొదటి ప్లాను గీయకముందే రాసి ఇవ్వండి. ప్లాను మూడుసార్లు మారాక వాస్తు పండితుణ్ని తీసుకొచ్చి చూపించడం అందరి శ్రమనూ వృథా చేస్తుంది. అలాగే ఇంట్లో నలుగురు నాలుగు మార్పులు నాలుగు ఫోన్లలో చెప్పకుండా, ఒక్కరే ఆర్కిటెక్టుతో మాట్లాడాలి. ఒప్పందం, ఫీజు దశలు రెండో పాఠంలో ఉన్నాయి. స్కెచ్ దశలో మార్పుకు, వర్కింగ్ డ్రాయింగులు (స్థలంలో కట్టడానికి వాడే పూర్తి డ్రాయింగులు) పూర్తయ్యాక మార్పుకు మధ్య తేడా అక్కడ చూసుకోండి.

మెట్ల నుంచి అడుగు తీయకండి

ఈ వారం వచ్చిన మార్పులలో నన్ను నిజంగా బాధించినది ఒకటుంది. పదకొండు మంది, గదిని పెంచడానికి చోటు వెతుకుతూ, మెట్ల దగ్గర ఆగారు. "మెట్ల గది నుంచి ఒక్క అడుగు తీసుకుంటే పడకగదికి సరిపోతుంది, అక్కడ ఎవరుంటారు గనుక" అని ఒకరు రాశారు. మెట్ల దగ్గర ఎవరూ ఉండరు, నిజమే. కాని ఇంట్లో మనిషి ఎముక విరిగే చోటు అదే. కాబట్టి దీన్ని కొంచెం విస్తరించి చెప్పనివ్వండి.

ఒక అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేలకు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. మెట్టు ఎత్తు 6 అంగుళాలు అనుకుంటే 20 ఎత్తులు కావాలి. మధ్యలో ల్యాండింగు (మలుపు తిరిగే చదునైన చోటు) పెట్టి రెండు వరుసలుగా ఎక్కితే వరుసకు 10 ఎత్తులు. పదో ఎత్తు ఎక్కగానే ల్యాండింగు మీద ఉంటాం కాబట్టి, కాలు పెట్టే పలకలు తొమ్మిదే. ఒక్కో పలక 10 అంగుళాలైతే తొమ్మిదింటికి 90 అంగుళాలు, అంటే 7½ అడుగులు. దీనికి ఒక చివర 3 అడుగుల ల్యాండింగు, రెండో చివర నిలబడి మలుపు తిరగడానికి మరో 3 అడుగులు కలిపితే 13½ అడుగులు. ఈ సంఖ్యను ఆర్కిటెక్టు ఊరికే వేయలేదు. ఇందులో ప్రతి అంగుళానికీ ఒక కాలు ఆనుకుని ఉంది.

ఇప్పుడు ఒక అడుగు తీసేద్దాం. ఎక్కడి నుంచి తీస్తారు? ల్యాండింగు నుంచి తీస్తే అది 2 అడుగులవుతుంది. బీరువా పైకి ఎక్కదు, రోగిని స్ట్రెచరు మీద కిందికి దించడం కష్టమవుతుంది. పలకల నుంచి తీస్తే 90లో 12 పోయి 78 అంగుళాలు తొమ్మిదింటికి పంచాలి. ఒక్కోదానికి 8⅔ అంగుళాలు వస్తాయి. ఇళ్లలో మెట్టు పలక కనీసం 250 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 10 అంగుళాలు ఉండాలని, మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 చెబుతోంది. 8⅔ అంగుళాల పలక మీద ఎక్కేటప్పుడు ఇబ్బంది తెలియదు, ఎందుకంటే ఎక్కేటప్పుడు మునివేళ్లు ఆనితే చాలు. దిగేటప్పుడు మడమ పట్టాలి. సింహాచలం మెట్లు ఎక్కి దిగినవారికి మోకాళ్లు ఎప్పుడు మొరాయిస్తాయో తెలుసు. దిగేటప్పుడు మడమ పట్టని మెట్టు మీద మనిషి తనకు తెలియకుండానే పాదాన్ని పక్కకు తిప్పుతాడు. కాలు జారేది అక్కడే.

మూడో దారి ఉంది, అది ఆర్కిటెక్టుకే తెలుస్తుంది. 20 ఎత్తులకు బదులు 18 చేస్తే ఒక్కో మెట్టు ఎత్తు 6⅔ అంగుళాలవుతుంది, అది నియమానికి లోబడే ఉంటుంది. వరుసకు ఎనిమిది పలకలు చాలు, పలక 10 అంగుళాలుగానే ఉంటుంది, 10 అంగుళాల పొడవు మిగులుతుంది. ఇంట్లో అందరూ చిన్నవాళ్లయితే ఈ మార్పు చేయవచ్చు. ముసలివాళ్లుంటే నేను చేయను. కాని చూడండి, ఇది మెట్ల లెక్కంతా తిరగరాయడం. ల్యాండింగు బీము ఎత్తు మారదు గాని దాని చోటు మారుతుంది, కడ్డీల డ్రాయింగు మారుతుంది. మేస్త్రికి "ఒక అడుగు తగ్గించు" అని నోటితో చెబితే ఆయన ఈ లెక్క వేయడు. 20 మెట్లనూ అలాగే ఉంచి పలకల వెడల్పు తగ్గిస్తాడు, లేదా చివరి మెట్టు దగ్గర తేడాను సర్దుతాడు. ఆయన్ను తప్పుపట్టలేం, ఆయన చేతిలో కొత్త డ్రాయింగు లేదు.

మెట్ల ఎత్తులు అన్నీ సమానంగా లేకపోవడం కంటే పెద్ద ప్రమాదం లేదు, అది అడుగు తీయకపోయినా రావచ్చు. మెట్లు కాంక్రీటు పోసినప్పుడు అన్నీ 6 అంగుళాలే ఉంటాయి. తరువాత కింది నేల మీద, పై నేల మీద ఇసుక, సిమెంటు, పలకలు కలిసి 3 అంగుళాల మందం పెరుగుతుందనుకోండి. మెట్ల మీద సిమెంటు, గ్రానైటు కలిసి 1½ అంగుళమే పెరుగుతుంది. అప్పుడు మొదటి మెట్టు ఎత్తు 4½ అంగుళాలు, చివరి మెట్టు ఎత్తు 7½ అంగుళాలు అవుతుంది. మధ్యలోవన్నీ 6. కాలు రెండు మూడు మెట్లలోనే ఎత్తును నేర్చుకుంటుంది, ఆ తరువాత కన్ను చూడడం మానేస్తుంది. చివరి మెట్టు దగ్గర కాలు 6 అంగుళాలే లేస్తుంది, మెట్టు 7½ ఉంటుంది, బొటనవేలు తగులుతుంది. దిగేటప్పుడు కింది మెట్టు దగ్గర నేల అనుకున్నదానికంటే ముందే వచ్చి మోకాలు అదురుతుంది. అందుకే మెట్లను నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులో, అంటే మెట్ల సెక్షన్‌లో కాంక్రీటు ఎత్తులూ, పూర్తయిన ఎత్తులూ రెండూ రాసి ఉన్నాయో లేవో ఆర్కిటెక్టును అడగండి. రాసి లేకపోతే రాయమనండి. సెంట్రింగ్ వాళ్లు మెట్లకు చెక్కలు కొట్టకముందే ఇది తేలాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం దాచను. 1998లో గోపాలపట్నంలో మా ఇల్లు కట్టుకున్నప్పుడు నేనే ఈ పని చేశాను. డ్రాయింగు గీసింది నేనే. సెంట్రింగ్ జరుగుతున్న రోజున వంటగదికి ఒక అడుగు కలిస్తే బాగుంటుందనిపించి, మేస్త్రికి నోటిమాటగా చెప్పాను. పలకలు ఎనిమిదిన్నర అంగుళాలయ్యాయి. మా అమ్మ ప్రతి వేసవిలో మేడ మీద వడియాలు పెట్టేది. మొదట కొన్నేళ్లు పక్కకు తిరిగి, కటకటాన్ని రెండు చేతులా పట్టుకుని దిగేది. తరువాత మేడ ఎక్కడం మానేసింది. ఆ వంటగదిలో ఆ అడుగు మేర ఇప్పుడు ఖాళీ గ్యాసు సిలిండరు ఉంటోంది.

మెట్ల కింద బాత్రూం పెట్టమని అడిగినవారికి: ల్యాండింగు 5 అడుగుల ఎత్తులో ఉంటుంది, దాని మందం పోగా కింద నాలుగున్నర అడుగులే మిగులుతాయి. మనిషి నిలబడగలిగేది రెండో వరుస పై చివర కిందనే. అక్కడ వస్తుందో రాదో ఆర్కిటెక్టు సెక్షన్ గీసి చూపిస్తారు. ప్లాను చూసి మీరు నిర్ణయించకండి.

మేస్త్రికి చెప్పిన ఆ ఇద్దరికి

పునాది గుంతలు తవ్వాక గోడను జరిపించినవారు పని ఆపి, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించేదాకా కాంక్రీటు వేయకండి. పిల్లర్ల మీద బీములు, బీముల మీద గోడలు అని లెక్కలు కట్టి ఉంటాయి. అడుగు జరిగిన గోడకు కింద బీము ఉండకపోవచ్చు, అప్పుడు దాని బరువు శ్లాబు మీద పడుతుంది. రెండో పాఠకుడు, డ్రాయింగులో రాసిన 45 మిల్లీమీటర్ల కవరు (కడ్డీల మీద ఉండవలసిన కాంక్రీటు మందం) అనవసరమని, 20 చాలని మేస్త్రి అన్నట్టు రాశారు. ఆయన స్థలం ఋషికొండ దగ్గర. తీరప్రాంత వాతావరణానికి నేరుగా లోనయ్యే కాంక్రీటును ఐ.ఎస్. 456 'తీవ్ర' తరగతిలో పెట్టి, ఎం30 గ్రేడు (కాంక్రీటు బలానికి గుర్తు), 45 మిల్లీమీటర్ల కవరు అడుగుతుంది. ఉప్పుగాలి ఇనుమును చేరడానికి పట్టే కాలమే ఆ కవరు. మన ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత మేడల సన్‌షేడ్ల కింద పెచ్చులూడి, తుప్పు పట్టిన కడ్డీలు బయటపడి ఉండడం మీరు చూసే ఉంటారు. డ్రాయింగులో ఉన్నదే వేయించండి.

ఇకపై ఏ మార్పైనా డ్రాయింగులోకి ఎక్కాకే స్థలంలోకి వెళ్లాలి. ఆర్కిటెక్టు మార్చిన ప్రతి డ్రాయింగు మూలలో మార్పు సంఖ్య, తేదీ ఉంటాయి. కొత్తది వచ్చిన రోజునే స్థలంలోని పాత కాగితాన్ని అడ్డంగా ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఇంటికి తెచ్చేసుకోండి. రెండూ గోడకు తగిలించి ఉంటే మేస్త్రి చేతికి పాతదే దొరుకుతుంది. ఫోన్‌లో ఫోటోగా వచ్చిన డ్రాయింగును స్థలంలో వాడనివ్వకండి. వేళ్లతో పెద్దది చేసి చూసినప్పుడు 9 కాస్తా 0గా కనిపించి కిటికీ చోటు మారిపోవడం నేను చూశాను. పెద్ద కాగితం మీద ముద్రించినదే ఉండాలి.

అభ్యాసం

ఈసారి అభ్యాసం పెద్దది, వారం పడుతుంది, తొందరపడకండి. మూడు మెట్ల వరుసలను కొలవండి: మీ ఇంటివి, ఒక బంధువు ఇంటివి, మీరు తరచూ వెళ్లే ఆసుపత్రివో బడివో. ప్రతి మెట్టు ఎత్తు, ప్రతి పలక వెడల్పు, మొదటిదాని నుంచి చివరిదాకా, ఒక్కటీ వదలకుండా నోటుపుస్తకంలో రాయండి. మొదటి ఎత్తుకూ చివరి ఎత్తుకూ తేడా ఎంతో పక్కన వేయండి. తరువాత మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని మెట్లు దిగమని, వారి ముఖం కాకుండా పాదాలను గమనించండి. పాదం నేరుగా పడుతోందా, పక్కకు తిరుగుతోందా, చేయి ఎన్నో మెట్టు దగ్గర కటకటాన్ని వెతుకుతోంది అన్నవి రాయండి. వారికి కష్టమైతే దింపించకండి, అడిగి తెలుసుకోండి.

ఆ తరువాత గ్రాఫు కాగితం మీద, ఒక అడుగుకు ఒక అంగుళం చొప్పున, మీ కొత్త ఇంటి మెట్ల సెక్షన్‌ను ఆర్కిటెక్టు డ్రాయింగు చూడకుండా మీరే గీయండి. అంతస్తు ఎత్తును మెట్టు ఎత్తుతో భాగించండి, పలకలు ఎత్తుల కంటే వరుసకు ఒకటి తక్కువని గుర్తుంచుకోండి, నేల మందం 3 అంగుళాలు, మెట్టు మందం 1½ అంగుళం కలపండి. గీశాక ఆర్కిటెక్టు డ్రాయింగుతో పోల్చి, తేడా వచ్చిన చోట ఎర్ర పెన్సిలుతో చుట్టి, ఎందుకు వచ్చిందో ఆయన్ను అడగండి.

చివరగా, ప్లానులో మీకు నచ్చని మూడు విషయాలను ఆర్కిటెక్టుకు రాయండి. ఆ ఉత్తరంలో అడుగులు, అంగుళాలు అన్న మాటలు రాకూడదు. ఎవరు, ఏ వేళ, ఏ పని చేస్తున్నప్పుడు ఇబ్బంది పడతారో మాత్రమే ఉండాలి. పంపే ముందు ఒక రాత్రి ఉంచి, పొద్దున వంట చేసేవారి చేత చదివించండి.